కాలు విసిరే గుర్రం

అందరికీ నమస్కారం.

మీలో సగం మంది పశువైద్యం చదువుతున్నవాళ్లు. మిగతా సగం తెల్లవారుజామున నాలుగింటికే లేచి మలక్‌పేట ట్రాక్ మీద గుర్రాలెక్కే పిల్లలు. ఈ ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టినందుకు నిర్వాహకులకు నా కృతజ్ఞతలు. నేను చెప్పబోయే విషయానికి మీరిద్దరూ కావాలి.

విరాటుడి కొలువులో నకులుడు దామగ్రంథి అనే పేరుతో గుర్రాలు చూసుకున్నాడని భారతంలో విన్నాం కదా. పనిలో చేరేటప్పుడు తనకు గుర్రాలకు నేర్పడమూ తెలుసు, వాటికి వైద్యం చేయడమూ తెలుసు అని చెప్పుకుంటాడు. ఆ రెండు పనులూ ఒకే మనిషి చెప్పుకోవడం నాకు చాలా ఇష్టం. మన శాలల్లో అవి ఎప్పుడో విడిపోయాయి. నేర్పేవాడు ఈ గుర్రం మొండిది అంటాడు. డాక్టర్ వచ్చి కాలు చూసి, మందు రాసి వెళ్లిపోతాడు. అసలు దానికి కోపం ఎందుకొస్తోందో అడిగేవాళ్లు ఉండరు.

ముప్పై ఏళ్ల కిందటి సంగతి. అప్పుడు నేనొక స్టేబుల్‌లో అసిస్టెంటుని. ఒక రెండేళ్ల మగ గుర్రం వచ్చింది. కాగితాల మీద పెద్ద పేరే ఉండేది కానీ ఒళ్లంతా ఎర్రగా ఉండటంతో మేమంతా ఎర్రోడు అనేవాళ్లం. మొదటి రోజు సైస్, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, చేత్తో పట్టుకుని నడిపిస్తుంటే నేను ఎదురుగా నిలబడి చూశాను. ముందు కుడికాలు లేచి, నేరుగా ముందుకు రాకుండా, బయటికి సగం చుట్టు తిరిగి అప్పుడు నేల మీద పడేది. పడవవాడు తెడ్డు వేసినట్టు. దీన్ని ప్యాడ్లింగ్ అంటారు. మా సైస్‌లు మాత్రం ‘కాలు విసురుతోంది’ అంటారు. గిట్ట ముందుభాగం లోపలికి తిరిగి ఉన్న గుర్రాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. గిట్ట బయటికి తిరిగి ఉంటే కాలు లోపలికి వస్తుంది. ఆ రకం ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే పరుగులో ఒక కాలు రెండో కాలికి తగులుతుంది.

ఇక వాడి గుణం. దాణా తొట్టి దగ్గరికి ఎవరొచ్చినా చెవులు వెనక్కి పడిపోయేవి. జీను పట్టీ బిగించబోతే తల తిప్పి కరవడానికి వచ్చేవాడు. గదిలో ఒక్క నిమిషం నిలకడ లేదు. ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగి తిరిగి కింద పరిచిన గడ్డిలో కాలిబాట పడేది. కానీ ట్రాక్ మీద వదిలితే! రెండు ఫర్లాంగులు పరిగెత్తించి చూస్తే నా స్టాప్‌వాచ్ మీద నాకే నమ్మకం కలగలేదు. పక్కవాణ్ణి అడిగాను, అతని వాచీలోనూ అదే టైము.

మా ట్రైనర్ అనుభవం ఉన్న మనిషే. ‘మొక్కై వంగనిది మానై వంగునా, కాలు ఇప్పుడే సరిచేద్దాం’ అన్నాడు. లాడాలు కొట్టే నాల్‌బంద్‌ను పిలిపించి గిట్టను ఒక పక్క ఎక్కువ చెక్కించాడు. దానికి తగ్గట్టు లాడం కొట్టించాడు. సామెత నిజమే. కాకపోతే గుర్రం విషయంలో మొక్క వయసు నెలల్లో ఉంటుంది. వైద్య విద్యార్థులకు తెలుసు, గిట్టకు పైన ఉండే కీలు దగ్గర ఎముక పెరుగుదల పుట్టిన మూడు నాలుగు నెలలకే దాదాపు ఆగిపోతుంది. వంకర సరిచేయాలంటే ఆ నెలల్లోనే, మెల్లగా, తల్లి పక్కన ఉండగా చేయాలి. రెండేళ్లు వచ్చాక గిట్ట చెక్కితే ఎముక మారదు. మారేది బరువు. అప్పటిదాకా ఒక చోట పడుతున్న బరువు ఇంకో చోట పడుతుంది. గ్యాలప్‌లో ఒక ముందుకాలి మీద గుర్రం బరువుకు రెండింతలకు పైగా పడుతుందని మీరు చదివే ఉంటారు. అంటే దాదాపు వెయ్యి కిలోలు, ఒక్క గిట్ట మీద. అలవాటు లేని దారిలో.

మూడు వారాల్లో కాలు నేరుగా పడటం మొదలైంది. చూసినవాళ్లంతా భేష్ అన్నారు. నాలుగో వారం ఒక సాయంత్రం నేను అలవాటుగా వాడి మోకాలి కింద వెనకవైపు చెయ్యి వేశాను. వేడిగా తగిలింది. ఎడమకాలు పట్టి చూశాను, చల్లగా ఉంది. మళ్లీ కుడికాలు. రోజూ తీగలా గట్టిగా తగిలే నరం (టెండన్, కండరాన్ని ఎముకకు కట్టే తాడు) వేళ్ల కింద కొంచెం మెత్తగా, ఉబ్బినట్టు ఉంది. కోపిష్టి గుర్రం, నన్ను కరవచ్చు. కరవలేదు. ఊపిరి బిగబట్టి నిలబడింది. పక్కన వాడి సైస్ ఉన్నాడు, అరవై ఏళ్ల పెద్దాయన. ‘సార్, వాడి కాలు వాడికి తెలుసు కదా’ అన్నాడు. అంతే.

లాడం మార్చిన రోజే నాకూ అనుమానం ఉంది. కానీ నోరు విప్పలేదు. కొత్త ఉద్యోగం, పెద్దవాళ్ల మాట. అది నా తప్పే అని ఇవాళ్టికీ అనుకుంటాను.

ఆ తర్వాత కొన్నేళ్లకు నేను సీబిస్కెట్ అనే పందెం గుర్రం గురించి చదివాను. మీలో చాలామంది పేరు వినే ఉంటారు. గెలుపులు అందరికీ తెలిసినవే. గెలుపుకు ముందు ఆ గుర్రాన్ని ఎలా చూసుకున్నారో చెప్తాను.

1933లో అమెరికాలోని కెంటకీలో పుట్టింది. తాత మ్యాన్ ఓ వార్, ఆ దేశంలో దేవుడిలా చూసిన గుర్రం. తండ్రి హార్డ్ టాక్, వేగంతో పాటు మహా కోపం. సీబిస్కెట్ చూడటానికి పొట్టిది. మోకాళ్లు బుడిపెల్లా ఉండేవి. పరిగెత్తేటప్పుడు ముందు ఎడమకాలు బయటికి విసిరేది. చూసినవాళ్లు గుడ్లు గిలక్కొట్టే కవ్వంతో పోల్చారు. మన ఎర్రోడికి కుడికాలు, దీనికి ఎడమకాలు, అంతే తేడా.

మొదటి ట్రైనర్ జేమ్స్ ఫిట్జ్‌సిమన్స్. ఆయన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. 1930లో గ్యాలంట్ ఫాక్స్‌తో, 1935లో ఒమాహాతో, రెండుసార్లు ట్రిపుల్ క్రౌన్ (మూడేళ్ల గుర్రాలకు పెట్టే మూడు పెద్ద పందేలూ ఒకే ఏడాదిలో) గెలిచిన మనిషి. సీబిస్కెట్ రెండేళ్ల వయసు ఆ 1935లోనే, ఒమాహా గెలుస్తున్న ఏడాదిలోనే పడింది. పెద్ద శాల, గొప్ప గొప్ప గుర్రాలు, ఈ పొట్టిదాని కోసం టైము ఎవరికుంటుంది? ఇది సోమరిది, కొడితేనే పరిగెడుతుంది అని తేల్చేశారు. మొదటి 17 పందేలూ ఓడిపోయింది. రెండేళ్ల వయసు పూర్తయ్యేలోపు 35 పందేలు పరిగెత్తించారు. రెండేళ్ల గుర్రానికి 35! దాని మోకాలి పైన ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. నోట్లో పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే సమయం దగ్గరపడుతోంది. ఆ వయసు పిల్లను అన్నిసార్లు స్టార్ట్ దగ్గర నిలబెట్టి కొట్టి పరిగెత్తిస్తే ఏం నేర్చుకుంటుంది? ట్రాక్ అంటే కొరడా అని నేర్చుకుంటుంది. సీబిస్కెట్ అదే నేర్చుకుంది.

1936 ఆగస్టులో చార్ల్స్ హోవర్డ్ అనే కార్ల వ్యాపారి దాన్ని 8,000 డాలర్లకు కొన్నాడు. కొనమన్నది ఆయన ట్రైనర్ టామ్ స్మిత్. పశ్చిమాన అడవి గుర్రాలను మచ్చిక చేస్తూ పెరిగిన మనిషి, పెద్దగా మాట్లాడడు. ఆయన చేతికి వచ్చేసరికి గుర్రం బరువు తగ్గిపోయి ఉంది. దాణా ముట్టదు. గదిలో గిరగిరా తిరుగుతుంది. మనిషిని చూస్తే మీదికి వస్తుంది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఆ విసిరే ఎడమకాలిని స్మిత్ సరిచేయాలని చూడలేదు. ఆయన మార్చింది గుర్రం ఉండే చోటును. మొదట తోడుగా ఒక మేకను గదిలో పెట్టాడు. సీబిస్కెట్ దాన్ని పళ్లతో పట్టి ఊపి తలుపు పైనుంచి బయట పడేసింది. స్మిత్ కోప్పడలేదు, ఆ ఆలోచనా మానలేదు. పంప్కిన్ అనే పసుపు రంగు గుర్రాన్ని తీసుకొచ్చాడు. పశువుల మందల దగ్గర పనిచేసి, ఏం జరిగినా బెదరని నిదానమైన గుర్రం. గదుల మధ్య గోడ తీయించి రెండింటికీ ఒకే పెద్ద చోటు చేశాడు. తర్వాత ఒక వీధికుక్క, ఒక చిన్న కోతి కూడా ఆ గదిలో చేరాయి. సీబిస్కెట్‌కు పడుకుని నిద్రపోవడం ఇష్టం. పొద్దునే లేపకుండా దాన్ని నిద్రపోనిచ్చాడు.

ఈ కోతి, కుక్క సంగతి ముచ్చటగా చెప్పుకుని వదిలేస్తాం. దాని వెనక గట్టి కారణం ఉంది. గుర్రం మందలో బతికే జంతువు. అడవిలో ఒకటి నిద్రపోతుంటే ఇంకొకటి నిలబడి కాపలా కాస్తుంది. పక్కన ఎవరూ లేని గుర్రం ఒళ్లు వాల్చి పడుకోవడానికి భయపడుతుంది. పడుకోకపోతే పూర్తి నిద్ర లేదు. రోజుల తరబడి నిద్ర లేని జీవి ఎవరినైనా కరుస్తుంది. మేత సంగతీ అంతే. గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, ఎందుకంటే అది రోజంతా గడ్డి మేసే జంతువు. మనం రెండు పూటలా దాణా పోసి మధ్యలో ఖాళీగా ఉంచుతాం. కడుపులో పుండ్లు పడతాయి. పందెం గుర్రాల్లో ఇది చాలా మామూలు. జీను పట్టీ బిగించేటప్పుడు కరవడానికి వచ్చే గుర్రాన్ని తిట్టేముందు దాని కడుపు చూడండి. కళ్లెం పట్టగానే తల విదిలించే పిల్ల గుర్రాన్ని కొట్టేముందు నోరు తెరిచి చూడండి. దవడ పళ్ల ముందు చిన్న అదనపు పన్ను ఉంటే కళ్లెం ప్రతి లాగుడుకూ దానికి తగులుతుంది. పది నిమిషాల్లో తీసేసే పన్ను కోసం ఒక గుర్రం ఏళ్ల తరబడి మొండిదనిపించుకుంటుంది. నేను కళ్లారా చూశాను.

మన పెద్దలు గుర్రం కొనేముందు సుడులు చూసేవాళ్లు. ఫలానా చోట సుడి ఉంటే అచ్చిరాదు అని వదిలేసేవాళ్లు. దాన్ని నేను నమ్మను. కానీ ఆ సుడి వెతకడం కోసమైనా వాళ్లు తల నుంచి తోక దాకా వేలు వేలుగా తడిమి చూసేవాళ్లు. ఇవాళ వంశం కాగితాలు చదివి, వీడియో చూసి కొంటున్నాం. ఆ తడిమి చూసే ఓపిక మాత్రం పాతవాళ్ల దగ్గర నేర్చుకోవలసిందే.

రైడింగ్ పిల్లలకు ఒక మాట. స్మిత్ తెచ్చిన జాకీ పేరు రెడ్ పొలార్డ్. కుడికన్ను చూపు లేదు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. డెట్రాయిట్‌లో మొదటిసారి చూసినప్పుడు చేతిలో చక్కెర బిళ్ల పెట్టుకుని గుర్రం ముందు నిలబడ్డాడు. అందరినీ కరిచే గుర్రం దాన్ని వాసన చూసి అతని భుజానికి ముక్కు ఆనించింది. ఎక్కి తిప్పి చూశాక ఈ గుర్రానికి కొరడా పడదు అని పొలార్డ్ తేల్చాడు. స్మిత్‌దీ అదే మాట. మొదట్లో దాన్ని లాగి ఆపాలని చూస్తే పోట్లాడేది. అప్పుడు స్మిత్ రైడర్‌తో లాగకు, దాని ఇష్టం వచ్చినంత పోనీ అన్నాడు. కాసేపు పిచ్చిగా పరిగెత్తి, ఎదురు లాగేవాడు లేకపోయేసరికి తనే నిదానించింది. దీనికి గుండె ధైర్యం కావాలి. 450 కిలోల కోపం మీద కూర్చుని పగ్గం వదలడం తేలిక కాదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో డెట్రాయిట్‌లో పెద్ద పందెం గెలిచింది. కాలు అలాగే విసురుతూ.

ఆ తర్వాతి సంగతులు చాలా ఉన్నాయి, త్వరగా చెప్తాను. కాలిఫోర్నియాలోని శాంటా అనీటా హ్యాండిక్యాప్ అనే పెద్ద పందెంలో 1937లో ఒక ముక్కు తేడాతో ఓడింది. 1938లో మళ్లీ ముక్కు తేడానే. అదే ఏడాది నవంబర్ 1న పిమ్లికోలో వార్ అడ్మిరల్‌తో ముఖాముఖి పందెం. ఆ గుర్రం మ్యాన్ ఓ వార్ కొడుకు. అంటే సీబిస్కెట్‌కు వరసకు బాబాయి, వయసులో మాత్రం ఒక ఏడాది చిన్న. నేరుగా సాగే నడక, చూడచక్కని రూపం, 1937 ట్రిపుల్ క్రౌన్. కానీ దాని కోపం తక్కువేం కాదు, స్టార్టింగ్ గేటు దగ్గర నానా గొడవ చేసేది. అందుకే గేటు లేకుండా గంట కొడితే బయలుదేరేలా ఏర్పాటు చేశారు. మొదట్లోనే దూసుకుపోవడం వార్ అడ్మిరల్‌కు బలం, సీబిస్కెట్‌కు అలవాటు లేని పని. స్మిత్ ఒక గంట తయారుచేసుకుని, అది మోగగానే ఒక్క ఉరుకున దూకడం రోజూ నేర్పించాడు. గంట మోగడం, దూకడం, మళ్లీ మళ్లీ అదే. 

కాలు విరిగి పొలార్డ్ ఆసుపత్రిలో ఉన్నాడు. జార్జ్ వూల్ఫ్ ఎక్కాడు. పొలార్డ్ మంచం మీద నుంచి చెప్పిన సలహా ఏమిటంటే, ముందుకు వెళ్లాక కావాలని కొంచెం నెమ్మదించు, వార్ అడ్మిరల్‌ను పక్కకు రానీ, దాని కన్ను మనవాడికి కనబడనీ. ఎదుటి గుర్రం కళ్లలోకి చూస్తేనే సీబిస్కెట్ పూర్తిగా పరిగెడుతుందని అతనికి తెలుసు. వూల్ఫ్ అలాగే చేశాడు. రెండూ పక్కపక్కన వచ్చాయి. అక్కడి నుంచి సీబిస్కెట్ నాలుగు లెంగ్తుల (నాలుగు గుర్రాల పొడవు) తేడాతో గెలిచింది. దాదాపు 1,910 మీటర్లకు 1 నిమిషం 56.6 సెకన్లు, ఆ ట్రాక్ రికార్డు. మొదట్లో మనుషుల మీద, తోటి జంతువుల మీద చూపించిన ఆ దూకుడే ఇక్కడ పనికొచ్చింది. దాన్ని కొట్టి అణిచేసి ఉంటే ఆ రోజు అడగడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇప్పుడు మీలో ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. 1939 ఫిబ్రవరిలో సీబిస్కెట్ ముందు ఎడమకాలి లిగమెంటు తెగింది. అదే కాలు. అంటే మొదట్లోనే సరిచేసి ఉంటే బాగుండేది కదా? నేను దీని గురించి చాలా ఆలోచించాను. అమెరికా ట్రాక్‌ల మీద గుర్రాలు ఎడమవైపు తిరుగుతూ పరిగెడతాయి, మలుపుల్లో ఎడమకాలే ముందుంటుంది. అప్పటికి 80కి పైగా పందేలు పరిగెత్తి ఉంది, అందులో 35 పసితనంలో. తిన్నని కాలుకైనా ఆ పని తట్టుకోవడం కష్టమే. కాలు విసరడం వల్లే తెగిందని నేను చెప్పలేను, దానికి సంబంధం లేదనీ చెప్పలేను. ఇలాంటి గుర్రం మీ చేతికి వస్తే ప్రతి సాయంత్రం ఆ కాలి మీద చెయ్యి వేయాల్సిందే అని మాత్రం చెప్పగలను. వేడి, వాపు, మెత్తదనం. వంకరగా పడే కాలు చల్లగా ఉంటే దాని దారిన దాన్ని పోనివ్వండి. నేరుగా పడే కాలైనా సరే, వేడిగా ఉంటే ఆపండి. ఓనర్ ఫోన్ చేసి ఎంత తొందరపెట్టినా, ఎంత టెన్షన్ అయినా ఆపండి.

ఆ గాయం తర్వాత సీబిస్కెట్‌ను కాలిఫోర్నియాలో హోవర్డ్ పొలానికి తీసుకెళ్లారు. కాలు విరిగిన పొలార్డ్ కూడా అక్కడే ఉన్నాడు. ఇద్దరూ కుంటుతూ కలిసి నడిచేవాళ్లు. రోజుకు కొంచెం ఎక్కువ. దాదాపు ఏడాది పరుగు పందెం లేదు. 1940 మార్చి 2న ఆ ఇద్దరే శాంటా అనీటాకు తిరిగి వచ్చి, రెండుసార్లు ముక్కు తేడాతో చేజారిన అదే పందెం గెలిచారు. మొత్తం 89 పందేలు, 33 గెలుపులు, 4,37,730 డాలర్లు. అప్పటికి అది రికార్డు. 1947లో ఆ పొలంలోనే చనిపోయింది.

ఇందాక ఎర్రోడి కథ మధ్యలో వదిలేశాను. మీలో ఒకమ్మాయి మొదటి వరసలో కూర్చుని, వాడేమయ్యాడు అన్నట్టు నా వైపు అప్పటి నుంచీ చూస్తూనే ఉంది. చెప్తానమ్మా.

వాడు పందెం ఒక్కటీ పరిగెత్తలేదు. నరం వాపు తగ్గడానికి నెలలు పట్టింది, తగ్గాక మళ్లీ గ్యాలప్ పెడితే మళ్లీ వేడి. ఓనర్‌కు విసుగొచ్చింది. ఊరి బయట పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పే చోటికి ఇచ్చేశారు. మూడేళ్లకు నేను చూడటానికి వెళ్లాను. ఎండ తగ్గిన వేళ. గదిలో లేడు. ఒక ముసలి ఆడగుర్రంతో కలిపి చెట్ల కింద వదిలేశారు. లాడాలు తీసేశారు, గిట్టలు వాటి ఇష్టానికి పెరిగి, అరిగి, తమ ఆకారం తాము తెచ్చుకున్నాయి. నేను కంచె దగ్గర నిలబడి, మా సైస్ పిలిచినట్టే నాలుకతో చప్పుడు చేశాను. తల ఎత్తాడు. చెవులు ముందుకే ఉన్నాయి. నా వైపు నడిచి వచ్చాడు. కుడికాలు పైకి లేచి, బయటికి సగం చుట్టు తిరిగి, నేల మీద పడుతోంది. దగ్గరికి వచ్చాక వంగి ఆ కాలి మీద చెయ్యి వేశాను.

చల్లగా ఉంది.